టెన్నిస్ మ్యాచ్‌కి చంటిపిల్లని తీసుకెళ్ళొచ్చా? అసలు చిక్కు ఎక్కడుంది?

2025 ఆగస్టులో అమెరికాలో సిన్సినాటీ టోర్నమెంటు. ఎమ్మా రదుకాను, అరీనా సబలెంకా మూడో సెట్ ఆడుతున్నారు, స్టాండ్స్‌లో ఎక్కడో ఓ పసిబిడ్డ ఏడుపు ఎంతకీ ఆగడం లేదు. రదుకాను సర్వ్ చెయ్యబోతూ ఆగి, పది నిమిషాల నుంచీ ఇదే గోల అని అంపైర్‌కి చెప్పింది. చిన్నపిల్ల కదా, స్టేడియంలోంచి బయటికి పంపించమంటారా అని అంపైర్ తిరిగి అడిగింది. జనంలోంచి "అవును" అని కేకలొచ్చాయి. మూడు గంటలు దాటిన ఆ మ్యాచ్ చివరికి సబలెంకా 7-6, 4-6, 7-6తో గెలిచింది కానీ, స్కోరు గుర్తున్నవాళ్ళకంటే ఆ ఏడుపు గుర్తున్నవాళ్ళే ఎక్కువ.

ఇది ఎక్కడో అమెరికా గొడవ కదా అనిపించొచ్చు. చెన్నైలో ఉండే మాకు అలా అనిపించలేదు. నుంగంబాకం టెన్నిస్ స్టేడియంలో ఏ పెద్ద టోర్నమెంటు జరిగినా, ఎగ్మోర్ వైపో మహాబలిపురం వైపో ఏ చెస్ పోటీ పెట్టినా, ఉద్యోగాల కోసం ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల్ని ఎత్తుకుని వస్తూనే ఉంటాయి. అంచేత ఆ మ్యాచ్ ఏడుపు వీడియో తిరిగిన వారం మా స్నేహితుల మధ్య పెద్ద వాదనే నడిచింది. ఒకళ్ళు "బుద్ధుండాలి ఆ తల్లిదండ్రులకి" అన్నారు, ఇంకొకళ్ళు "పిల్లలున్నవాళ్ళు ఇంట్లో తలుపులేసుకుని కూర్చోవాలా" అన్నారు. ఆ రెండు మాటల దగ్గరే వాదన ఆగిపోయింది. నాకు మాత్రం ఈ విషయంలో అందరూ వదిలేస్తున్న ముడి ఒకటి ఉందనిపించింది, దాన్ని విప్పి చూద్దామనే ఇదంతా రాస్తున్నాను.

ఏ ఆటల్లో మౌనం కావాలి, ఎంతసేపు కావాలి

చేపాక్‌లో క్రికెట్ మ్యాచ్‌కి మూడు నెలల బిడ్డని తీసుకెళ్తే, ఆ బిడ్డ గొంతు చించుకుని ఏడ్చినా మూడు సీట్ల అవతల వాళ్ళకి వినపడదు. విజిళ్ళు, డప్పులు, మైకులో పాటలు, వీటన్నిటి మధ్యే బ్యాట్స్‌మన్ బంతిని ఎదుర్కొంటాడు. కబడ్డీ, ఫుట్‌బాల్ కూడా అంతే.

టెన్నిస్, గోల్ఫ్, స్నూకర్, చెస్ వేరు. ఇక్కడ ఆటగాడు కదలకుండా నిలబడి (చెస్‌లో కూర్చుని) తన ఆలోచనంతా ఒక్కచోటికి తెచ్చుకుని, ఆ తర్వాత ఒక పని మొదలుపెడతాడు. టెన్నిస్‌లో బంతి ఎగరెయ్యడం, గోల్ఫ్‌లో పట్ (గుంటలోకి మెల్లగా దొర్లించే దెబ్బ) కొట్టడం, స్నూకర్‌లో క్యూ కర్ర ముందుకి తొయ్యడం, చెస్‌లో పావు జరపడం. ఆ క్షణంలో ప్రేక్షకులు కదలకూడదు, మాట్లాడకూడదు అనేది ఆటలో భాగమైపోయింది.

వీటిలో మళ్ళీ రెండు రకాలున్నాయి. టెన్నిస్‌లోనూ గోల్ఫ్‌లోనూ మౌనం ముక్కలు ముక్కలుగా వస్తుంది. పాయింటు నడిచే పది సెకన్లు నోరు మూసుకుంటే చాలు, అయిపోగానే చప్పట్లు కొట్టొచ్చు, అరవొచ్చు. చెస్‌లో అలా కాదు, క్లాసికల్ గేమ్ అయితే నాలుగైదు గంటలు ఏకధాటిగా నిశ్శబ్దం. చెస్ హాల్లో చంటిపిల్ల సంగతీ టెన్నిస్ కోర్టులో చంటిపిల్ల సంగతీ ఒక్కటే అనుకుని మాట్లాడటం వల్ల సగం వాదన అక్కడే దారి తప్పుతోంది.

వేల మంది అరిస్తే లేని ఇబ్బంది ఒక్క ఏడుపుకి ఎందుకు

ఇది చాలామంది నిజాయితీగా అడిగే ప్రశ్న. పాయింటు అయ్యాక స్టేడియం మొత్తం హోరెత్తిపోతుంది కదా, దానికి లేని బాధ ఒక్క పిల్ల ఏడిస్తే వచ్చిందా?

శబ్దం ఎంత గట్టిదన్నదాని కంటే, అది ముందే తెలిసిన శబ్దమా కాదా అన్నది ముఖ్యం. ఆగకుండా ఒకే తీరున వచ్చే హోరుని మెదడు కాసేపటికి వెనక్కి నెట్టేస్తుంది, ఫ్యాన్ చప్పుడు పడుకున్న కాసేపటికి వినపడడం మానేసినట్టు. ఏడుపు అలా కాదు. బిడ్డ ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది, ఒకసారి కీచుగా, ఒకసారి బొంగురుగా. ఆగిందనుకుని బంతి ఎగరేసేలోపు మళ్ళీ అందుకుంటుంది. పైగా పసిబిడ్డ ఏడుపు మనిషిని లేపి తన దగ్గరికి రప్పించడానికే ఉన్న శబ్దం, దాన్ని పట్టించుకోకుండా ఉండటం మన వల్ల అయ్యే పని కాదు. పిల్లలు లేనివాళ్ళు కూడా తలతిప్పి చూస్తారు.

టెన్నిస్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. ఆటగాళ్ళు కళ్ళతోపాటు చెవులతో కూడా ఆడతారు. అవతలివాళ్ళ రాకెట్‌కి బంతి తగిలిన చప్పుడుని బట్టి అది ఎంత బలంగా వస్తోందో, కోసి కొట్టారో లేదో అంచనా వేస్తారు. గంటకి 200 కిలోమీటర్ల సర్వ్ ఇవతలి గీత దాకా రావడానికి దాదాపు అర సెకను. ఆ అర సెకనులో చెవికి అందే చిన్న సూచన కూడా విలువైనదే.

దూరం లెక్క కూడా ఒకసారి చూద్దాం, ఎందుకంటే "అంత పెద్ద స్టేడియంలో ఎవరికి వినపడుతుంది" అనే మాట తరచూ వింటాం. బాగా ఏడ్చే బిడ్డ గొంతు దగ్గరగా కొలిస్తే 100 డెసిబెల్స్ కూడా దాటుతుంది. మనం కాస్త తగ్గించి, మీటరు దూరంలో 90 అనుకుందాం. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 2 మీటర్ల దగ్గర 84, 4 దగ్గర 78, 8 దగ్గర 72, 16 దగ్గర 66, 32 మీటర్ల దగ్గర 60. టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు, కాబట్టి కింది స్టాండ్‌లో ఒక చివర కూర్చున్న బిడ్డకీ, అవతలి గీత దగ్గర నిలబడ్డ ఆటగాడికీ మధ్య దూరం ఇంచుమించు ఈ 32 మీటర్లే. 60 డెసిబెల్స్ అంటే పక్కన నిలబడి ఎవరో మామూలుగా మాట్లాడినంత. చుట్టూ గిన్నెలా కట్టిన స్టాండ్స్ శబ్దాన్ని వెనక్కి కొడతాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే వినపడొచ్చు.

దీంతో ఇంకో అపోహ కూడా పోతుంది. "సెంటర్ కోర్టు వద్దులే, పక్కన చిన్న కోర్టులో క్వాలిఫయింగ్ మ్యాచ్‌కి తీసుకెళ్దాం, అక్కడ ఎవరూ ఉండరు" అనుకుంటారు. ఎవరూ ఉండరు కాబట్టే అక్కడ బిడ్డ గొంతు ఒక్కటే వినపడుతుంది. ప్రేక్షకుల కుర్చీలు కోర్టుకి బాగా దగ్గరగా ఉన్న కోర్టులు కూడా ఉంటాయి. పెద్ద స్టేడియంలో పై వరసే ఆటగాడికి తక్కువ ఇబ్బంది.

అరవకూడదు, కదలకూడదు: రెండు రూళ్ళ మధ్య ఇరుక్కున్న తల్లి

ఇందాక ముడి అన్నది దీన్నే.

బిడ్డ ఏడిస్తే ఏం చెయ్యాలి? లేచి బయటికి తీసుకెళ్ళాలి, ఇది అందరూ ఒప్పుకునేదే. కానీ టెన్నిస్‌లో ఆట నడుస్తుండగా సాధారణంగా ప్రేక్షకులు లేవకూడదు. ఆటగాళ్ళు వైపులు మారి కుర్చీల్లో కూర్చున్నప్పుడే లేచి వెళ్ళాలి, లోపలికి రావాలి. దీన్ని చేంజోవర్ అంటారు. వైపులు మారేది సెట్‌లో బేసి సంఖ్య గేమ్‌లు అయినప్పుడు, అంటే 1, 3, 5, 7 అలా. మూడో గేమ్ నుంచి కూర్చోడానికి 90 సెకన్లు ఇస్తారు. మొదటి గేమ్ తర్వాత మాత్రం వైపు మారతారు కానీ కూర్చోరు, సెట్ 6-6 అయినప్పుడు ఆడే టై-బ్రేక్ మధ్యలో కూడా అంతే. సెట్ అయిపోతే 120 సెకన్లు.

ఇప్పుడు ఒక లెక్క. స్కోరు 2-1, ఆటగాళ్ళు లేచి వచ్చారు, నాలుగో గేమ్ మొదటి పాయింటుకి మీ ఒళ్ళో బిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది. తర్వాతి చేంజోవర్ ఐదో గేమ్ అయ్యాక. పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు, పాయింటు ఆడటానికి పది సెకన్లు వేసుకుంటే, ఆరు పాయింట్ల గేమ్‌కి మూడున్నర నిమిషాలు. రెండు గేమ్‌లకి ఏడు నిమిషాలు. ఒక గేమ్ డ్యూస్, అడ్వాంటేజ్ అంటూ పద్నాలుగు పాయింట్లు సాగితే ఆ ఒక్క గేమే ఎనిమిది నిమిషాలు దాటుతుంది, మొత్తం పదకొండు నిమిషాలకి పైనే. రదుకాను చెప్పిన పది నిమిషాలతో పోల్చి చూడండి. ఆ రోజు ఆ తల్లిదండ్రులు ఎందుకు లేవలేదో నేను చెప్పలేను గానీ, రూలు ప్రకారం కూర్చున్నవాళ్ళకి కూడా అంతసేపు పట్టడం మామూలే.

ఆ మధ్య ఇక్కడే ఓ మ్యాచ్‌లో నా ముందు వరసలో తెలుగు జంట కూర్చున్నారు, ఏడెనిమిది నెలల పాపతో. చెంప మీద దిష్టిచుక్క ఉంది. ఆట మొదలవకముందే ఆ తల్లి పాప కాళ్ళకున్న మువ్వల పట్టీలు ఒక్కొక్కటీ విప్పి, చప్పుడు రాకుండా చేతిరుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. అంత జాగ్రత్తపడ్డ మనిషి. అరగంట పాప హాయిగా పడుకుంది, తర్వాత లేచి ఏడుపు. ఆవిడ వెంటనే లేచింది. మెట్ల మీదున్న వాలంటీరు కుర్రాడు అరచెయ్యి చూపించి "ఉక్కారుంగ మేడమ్, ఉక్కారుంగ" అన్నాడు. కూర్చుంది. వెనకనుంచి ఎవరో విసుగ్గా నాలుక చప్పరించారు. మళ్ళీ లేవబోతే భర్త "కూర్చో, ఈ గేమ్ అవనీ" అన్నాడు. అందరూ తనవైపే చూస్తున్నారని ఆవిడకి తెలుసు, మొహమంతా కందిపోయింది, చున్నీ కొస పాప పిడికిట్లో పెట్టి ఊపుతూ కూర్చుంది. పక్కనున్న తమిళ పెద్దావిడ మాత్రం ఏమీ అనకుండా మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చి సిద్ధంగా ఉంచింది. చేంజోవర్‌కి తల్లీపిల్లా వెళ్ళిపోయారు. ఆ సెట్ అయ్యేదాకా తిరిగి రాలేదు. భర్త మ్యాచ్ చూశాడు.

ఆ కుర్రాడి తప్పు లేదు, వాడికి చెప్పింది వాడు చేశాడు. సర్వ్ చేసేవాళ్ళకి ఎదురుగా, అంటే అవతలి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక స్టాండ్‌లో మనిషి కదిలితే అది కళ్ళకి అడ్డమే. కానీ ఏ రూలు మౌనాన్ని కాపాడటానికి పెట్టారో, అదే రూలు ఆ రోజు ఏడుపుని స్టేడియంలో కట్టిపడేసింది.

చంటిపిల్ల అంటే ఏ వయసు

వాదనల్లో అందరూ "పిల్లలు" అని ఒక్క మాట అనేస్తారు. రెండు నెలల బిడ్డకీ, పది నెలల బిడ్డకీ, రెండేళ్ళ పిల్లాడికీ పోలికే లేదు.

పుట్టిన కొత్తల్లో పిల్లలు ఎక్కువగా నిద్రపోతారు, కానీ ఏడుపు కూడా రోజురోజుకీ పెరిగి సుమారు ఆరో వారానికి తారస్థాయికి చేరుతుంది, మూడు నాలుగు నెలలకి బాగా తగ్గుతుంది. అందులోనూ సాయంత్రాలు ఎక్కువ. మన ఇళ్ళల్లో సందెవేళ పిల్ల గుక్కపట్టి ఏడుస్తోందని దిష్టి తీసేది ఈ వయసులోనే. చెన్నైలో ఎండ వల్ల ముఖ్యమైన మ్యాచ్‌లు సాయంత్రాలకే పెడతారు, కాబట్టి నెలా రెండు నెలల బిడ్డ విషయంలో ఆట సమయం, ఏడుపు సమయం ఒక్కటే అవుతాయి.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కొంత తేలిక. ఎత్తుకుంటే ఊరుకుంటారు, పాలు పడితే పడుకుంటారు. ఏడు నెలలు దాటాక కొత్త మొహాలు చూస్తే బెదురు మొదలవుతుంది, పాకాలని గింజుకుంటారు. ఏడాది దాటితే ఏడుపు కాదు సమస్య, సంతోషం. బంతి కనపడగానే "బాల్!" అని కేక పెట్టే పిల్లాడు ఎంత ముద్దొచ్చినా, రెండో సర్వ్ వేస్తున్నవాళ్ళకి అదీ ఇదీ ఒకటే.

వింబుల్డన్ వాళ్ళు ఈ చిక్కులోకి పోకుండా గీత గీసేశారు. సెంటర్ కోర్టు లాంటి షో కోర్టుల్లోకి ఐదేళ్ళలోపు పిల్లల్ని రానివ్వరు, మైదానం ఆవరణలోకి మాత్రం రావచ్చు. స్పష్టంగా ఉంది, ఎవరికీ టెన్షన్ లేదు, టికెట్ కొనేటప్పుడే తెలిసిపోతుంది. అయితే నాలుగేళ్ళ బుద్ధిమంతుడైన పిల్లాణ్ణి ఆపుతుంది, ఆరేళ్ళ అల్లరివాణ్ణి రానిస్తుంది. గీత అన్నాక ఇలాంటివి తప్పవు.

ఎవరి వాదనలో ఎంత బలం ఉంది

ఆటగాళ్ళ వైపునుంచి చూస్తే, అది వాళ్ళ ఉద్యోగం. ఒక మ్యాచ్ గెలుపోటముల మీద ర్యాంకు, డబ్బు, తర్వాతి టోర్నమెంటుకి నేరుగా ప్రవేశం, అన్నీ ఆధారపడి ఉంటాయి. టాప్ పదిలో ఉన్నవాళ్ళకి ఫర్వాలేదు, బెంగళూరులో కబ్బన్ పార్కు పక్క కోర్టుల్లో ఛాలెంజర్ అనే కింది స్థాయి టోర్నమెంట్లు ఆడే కుర్రాడికి ఒక్క రౌండ్ అటో ఇటో అయితే విమానం ఖర్చు లెక్క మారిపోతుంది. వాళ్ళు మౌనం అడగడాన్ని గొప్పలు పోవడం అనడం అన్యాయం.

ఇంకో చిక్కేమిటంటే, ఆటగాడికి నియమాల్లో దొరికే సాయం చాలా తక్కువ. టెన్నిస్‌లో హిండ్రన్స్ అనే నియమం ఉంది. ఎదుటివాళ్ళు కావాలని అడ్డుతగిలితే పాయింటు మనకే వస్తుంది. పొరపాటున అయితే, లేదా ఆటగాళ్ళ చేతిలో లేనిదేదైనా అడ్డుపడితే (పక్క కోర్టు బంతి దొర్లుకొచ్చిందనుకోండి) పాయింటు మళ్ళీ ఆడతారు, దాన్ని లెట్ అంటారు. ప్రేక్షకుల శబ్దానికి అంపైర్లు లెట్ ఇవ్వడం అరుదు, ఇస్తూ పోతే ఓడిపోతున్నవాళ్ళ అభిమానులు ప్రతి పాయింటుకీ అరుస్తారు. కాబట్టి అంపైర్ చేతిలో మిగిలేది మైకులో "ప్లీజ్" అనడం, కాసేపు ఆట ఆపడం, మరీ అయితే సిబ్బందికి చెప్పడం. చెస్‌లో ఆర్బిటర్‌కి ఇంకాస్త అధికారం ఉంది, ఆటకి అడ్డొచ్చే ప్రేక్షకుల్ని హాల్లోంచి పంపెయ్యొచ్చు.

తోటి ప్రేక్షకుల మాట కూడా కొట్టిపారెయ్యడానికి లేదు. డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని, ట్రాఫిక్‌లో పడి వచ్చారు. బస్సులోనో విమానంలోనో పసిపిల్ల ఏడిస్తే భరించాలి, ఎందుకంటే అక్కడ ఆ తల్లికి వేరే దారి లేదు, మ్యాచ్ అలా కాదు కదా, రాకపోతే కొంప మునగదు అంటారు. ఈ తేడా నిజమే.

తల్లిదండ్రుల వైపు వాదన దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దాన్ని సరిగ్గా వినకుండానే తీర్పు చెప్పేస్తున్నారు. "వాళ్ళమ్మ దగ్గర వదిలేసి రావచ్చుగా" అనడం తేలిక. విజయవాడలోనో నెల్లూరులోనో ఉన్న అమ్మమ్మ దగ్గర సాయంత్రం మూడు గంటల కోసం బిడ్డని ఎలా వదులుతారు? చెన్నై పెరుంగుడి, షోలింగనల్లూరు, బెంగళూరు వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఉండే కొత్త జంటలకి పక్కింటివాళ్ళ పేరు తెలిస్తే గొప్ప. పాలు తాగే బిడ్డ అయితే తల్లికి రెండు మూడు గంటలకి మించి దూరంగా ఉండటం కుదరదు. ఇద్దరిలో ఒకరే వెళ్ళొచ్చు కదా అంటే వెళ్ళొచ్చు, కానీ ఎవరు ఇంట్లో ఉండిపోతారో అందరికీ తెలుసు. నేను చూసిన మ్యాచ్‌లో కూడా లేచి వెళ్ళింది ఎవరో పైన చెప్పాను. ఏడాదిన్నర రెండేళ్ళ పాటు అలా ఒకళ్ళే మానుకుంటూ పోతే, అది ఒక మ్యాచ్ సంగతిగా మిగలదు.

ఆ ఆటల్లోనే ఉన్న తల్లుల్ని కూడా ఒకసారి తలుచుకుందాం. 2022లో మహాబలిపురంలో జరిగిన చెస్ ఒలింపియాడ్‌లో మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక తొమ్మిదో నెల గర్భంతో కూర్చుని ఆడింది, భారత మహిళల జట్టు కాంస్యం గెలిచింది. అదే జట్టులో ఉన్న కోనేరు హంపి 2017లో తల్లయి, ఆట నుంచి విరామం తీసుకుని తిరిగొచ్చి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. సానియా మీర్జా 2018లో కొడుకు పుట్టాక 2020 జనవరిలో హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ కొట్టింది. ఇవి చూపించి "చూశారా, పిల్లలు ఆటకి అడ్డం కాదు" అనేవాళ్ళున్నారు. అంత తేలిగ్గా తేలదు. వాళ్ళు ఆడుతున్నంతసేపూ ఆ బిడ్డల్ని ఎవరో ఒకరు చూసుకుంటారు, ఎక్కువగా వాళ్ళ అమ్మానాన్నలే. పెద్ద టెన్నిస్ టోర్నమెంట్లలో ఆటగాళ్ళ పిల్లలకి క్రెష్ ఉంటుంది. ప్రేక్షకురాలికి మామూలుగా అదేదీ దొరకదు.

ఈ మౌనం ఆటకి నిజంగా అవసరమా, అలవాటా

అసలు టెన్నిస్‌కి ఇంత నిశ్శబ్దం ఎందుకు అని అడిగేవాళ్ళూ పెరుగుతున్నారు. బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో వేసేటప్పుడు ఎదురుగా వందల మంది చేతులూపుతూ అరుస్తారు, అయినా బంతి బుట్టలో పడుతుంది. అమెరికాలో ఫీనిక్స్ ఓపెన్ గోల్ఫ్‌లో 16వ హోల్ చుట్టూ వేలమంది కూర్చుని స్టేడియంలా గోల చేస్తారు. షూటింగ్ అంటే ఒకప్పుడు ఊపిరి బిగబట్టి చూసేది, ఇప్పుడు అంతర్జాతీయ ఫైనల్స్‌లో సంగీతం వేస్తారు, చప్పట్లు కొట్టనిస్తారు. ఆస్ట్రేలియన్ ఓపెన్ వాళ్ళు 2024లో చేంజోవర్ దాకా ఆగక్కర్లేకుండా ప్రతి గేమ్ తర్వాతా ప్రేక్షకులు లోపలికి వచ్చి కూర్చునేలా మార్చారు. కొందరు ఆటగాళ్ళు సణిగారు, అయినా ఆట సాగింది.

ఈ వాదనలో బలం ఉంది, కానీ పసిబిడ్డ విషయానికి పూర్తిగా అతకదు. ఎప్పుడూ గోలగా ఉండే చోట ఏడుపు కలిసిపోతుంది నిజమే. సగం మౌనం, సగం గోల ఉన్న చోటే ఎక్కువ కష్టం, ఎందుకంటే అక్కడ ప్రతి శబ్దమూ అనుకోకుండా వచ్చేదే. టెన్నిస్‌ని పూర్తిగా గోలగా మార్చేస్తే తప్ప ఈ సమస్య పోదు, మార్చేస్తే అది మనకి తెలిసిన టెన్నిస్‌లా ఉండదు. నాకైతే పాయింటు ముందు వేల మంది ఒక్కసారిగా ఊరుకునే ఆ క్షణం పోవడం ఇష్టం లేదు.

చెస్ వాళ్ళు వేరే దారి పట్టారు. 2013లో చెన్నైలోనే ఓ హోటల్లో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడినప్పుడు ఆటగాళ్ళకీ ప్రేక్షకులకీ మధ్య అద్దం గోడ పెట్టారు. 2024లో సింగపూర్‌లో మన చెన్నై గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిందీ అద్దాల గదిలోనే. పెద్ద టోర్నమెంట్లలో వ్యాఖ్యానం చెప్పే గది వేరుగా ఉంటుంది, అక్కడ మాట్లాడుకోవచ్చు, పిల్లలు తిరగొచ్చు. నాలుగు గంటల మౌనం కావల్సిన ఆటకి పసిపిల్లల సమస్య ఇలా చాలావరకు తీరిపోయింది, ముక్కలు ముక్కలుగా మౌనం కావల్సిన టెన్నిస్‌కే మిగిలిపోయింది. టెన్నిస్ కోర్టుకి అద్దం కట్టలేం.

బిడ్డ కోణం నుంచి చూస్తే

విచిత్రమేమిటంటే, బిడ్డ ఆరోగ్యం చూస్తే వాళ్ళని తీసుకెళ్ళడానికి క్రికెట్ కంటే ఈ నిశ్శబ్ద ఆటలే నయం. వేడుకలు, కచేరీలు జరిగే చోట్ల పెద్దవాళ్ళకే 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్పీకర్ల పక్కన, డప్పుల మధ్య మూడు గంటలు పసిబిడ్డ చెవులకి మంచిది కాదు. టెన్నిస్ కోర్టులో ఆ భయం లేదు. అంటే పిల్లలకి ఏ ఆట నప్పుతుందో, ఆ ఆటకి పిల్లలు నప్పరు. పిల్లలు ఎక్కడ ఏడ్చినా ఎవరూ ఏమీ అనరో, అక్కడ వాళ్ళ చెవులకి నప్పదు.

ఎండ సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే. చంటిపిల్లల ఒంటికి వేడిని తట్టుకునే శక్తి తక్కువ, ఆరు నెలల లోపు వాళ్ళకి సన్‌స్క్రీన్ రాయడం కంటే నీడలో ఉంచమనే డాక్టర్లు చెబుతారు. చెన్నై ఉక్కలో మధ్యాహ్నం పూట కప్పు లేని స్టాండ్‌లో కూర్చోబెడితే ఆ బిడ్డ ఏడవడం న్యాయమే. గోల్ఫ్‌లో ఇంకో ప్రమాదం, గురితప్పిన బంతి. పెద్దవాళ్ళు బంతి వస్తోంది జాగ్రత్త అని వేసే "ఫోర్" అన్న కేక విని తల కాచుకుంటారు, తోపుడు బండిలో ఉన్న బిడ్డ కాచుకోలేదు.

నిర్వాహకుల చేతిలో ఉన్నది

తమిళనాడులో 2015 నుంచీ బస్టాండ్లలో తల్లులు పాలిచ్చే గదులు పెట్టారు, అరవంలో రాసిన ఆ బోర్డులు ఇక్కడ తిరిగేవాళ్ళందరికీ తెలిసినవే. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా బహిరంగ స్థలాల్లో, భవనాల్లో పాలిచ్చే గదులు, పిల్లల్ని చూసుకునే గదులు ఉండేలా రాష్ట్రాలు చర్యలు తీసుకోవాలని చెప్పింది. నేను తిరిగిన స్టేడియాల్లో అలాంటి గది కనపడటం అరుదు. మెట్ల కింద, టాయిలెట్ల పక్కన నిలబడి పాలిచ్చే తల్లులు కనపడ్డారు. గది ఉండి, అందులో మ్యాచ్ చూపించే ఒక టీవీ ఉంటే, ఏడుపు మొదలవకముందే లేచి వెళ్ళడానికి ఎవరికైనా మనసొప్పుతుంది.

రెండోది టికెట్. పిల్లలకి టికెట్ కావాలా, ఎన్నేళ్ళు దాటాక కావాలి అనేది రాస్తారు. చంటిపిల్లతో ఏ గేటు, ఏ వరస అనేది రాయరు. నడవా పక్క చివరి సీట్లు, కోర్టుకి పొడుగు వైపున పై వరసల్లో కొన్ని, పిల్లలున్నవాళ్ళకి ముందే కేటాయిస్తే ఎవరి మోకాళ్ళూ దాటక్కర్లేదు, సర్వ్ చేసేవాళ్ళ చూపుకీ అడ్డం రాదు.

ఇక రూలు. లోపలికి రావడానికీ బయటికి వెళ్ళడానికీ ఒకే రూలు ఎందుకుండాలి? వచ్చేవాళ్ళు సీటు వెతుక్కుంటారు, నిలబడతారు, ఒకళ్ళనొకళ్ళు జరగమంటారు. వెళ్ళేవాళ్ళు పది సెకన్లలో వెళ్ళిపోతారు. పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లుంటాయి. ఏడుస్తున్న బిడ్డతో ఉన్నవాళ్ళని ఆ వ్యవధిలో లేవనిస్తే, పై లెక్కలో ఏడు నుంచి పదకొండు నిమిషాలున్న ఏడుపు అర నిమిషం లోపే అయిపోతుంది. దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ళున్నారు, ఒకళ్ళని వదిలితే కాఫీకి వెళ్ళేవాళ్ళంతా అదే అడుగుతారని. బిడ్డ చంకలో ఉందో లేదో మెట్ల మీద నిలబడ్డ వాలంటీరుకి కనపడుతూనే ఉంటుంది కాబట్టి ఆ అభ్యంతరం నాకు పెద్దదిగా అనిపించలేదు. బేస్‌లైన్ వెనక కింది వరసల్లో కూర్చున్నవాళ్ళ విషయంలో మాత్రం అది నిజమైన చిక్కే, అక్కడ పది సెకన్ల కదలిక కూడా ఆటగాడి కంట్లో పడుతుంది. ఆ వరసలకి టికెట్ అమ్మేటప్పుడే చంటిపిల్లలతో కుదరదని రాయడం తప్ప దానికి నాకు వేరే దారి కనపడలేదు.